పాఠశాలలో బహుమానముల సాయంకాలము



సంక్రాంతి వెళ్లినది మొదలుకొని పదవ తరగతి పరీక్షలు వచ్చువఱకు మన పల్లెలలో పాఠశాలల వార్షికోత్సవములు జరుగుచుండును. ఆవరణములో నాలుగు బల్లలు చేర్చి వేదిక కట్టుదురు. మామిడాకుల తోరణములు, రంగుకాగితముల జెండాలు వ్రేలాడగట్టుదురు. ధ్వనివర్ధకము ఉదయము నుండియే పాటలు మ్రోగించుచుండును. పొద్దు వాలునప్పటికి గ్రామపెద్దలును, తల్లిదండ్రులును వచ్చి కూర్చుందురు. ఆటపాటల నడుమ బహుమాన ప్రదానము జరుగును. చదువులో ముందున్నవారికి, ఆటలలో గెలిచినవారికి బహుమతులు. ఉపాధ్యాయులలో ఉత్తములనిపించుకొన్నవారికి శాలువలు, జ్ఞాపికలు. ఈ తంతు నెఱుగనివారు మనలో లేరు. ముప్పదియొక్క సంవత్సరములు తెలుగు పండితుడనుగా పని చేసి, అందు చాలభాగము ఈ బహుమానముల జాబితా వ్రాయుటయు, వేదికమీద దానిని చదువుటయు నా వంతు పనిగా మోసినవాడను. కావున ఆ సాయంకాలమును గుఱించి నాకు తోచిన నాలుగు మాటలు మీతో ముచ్చటింపదలచితిని.

మొదట ఒక ఆక్షేపణ కలదు. పిల్లలను నలుగురిలో పొగడవచ్చునా? మన నీతివేత్తలు పొగడ్తకును వేళను, చోటును ఏర్పఱచిరి. గురువును ఎదుటనే పొగడవచ్చును. మిత్రులను, బంధువులను చాటున పొగడవలయును. సేవకులను పని ముగిసిన పిమ్మట పొగడవలయును. కన్నబిడ్డలను మాత్రము ఎన్నడును పొగడరాదు. దీనికి ఉదాహరణముగా భారవి కథ చెప్పుదురు. ఊరంతయు కొనియాడు కుమారుని తండ్రి ఒక్కనాడైనను మెచ్చుకొనడు. కుమారునకు కోపము ముదిరి, తండ్రి తలమీద వేయుటకు బండ నెత్తుకొని అటుకమీద పొంచియుండును. క్రింద తండ్రి తల్లితో మాటలాడుచు, తన నోట మెప్పు విన్న కొడుకునకు ఆయువు తఱుగునను భయముచేతనే ఊరకుంటినని చెప్పుట వినును. బండ చేతిలోనే నిలిచిపోవును. మా గురువులకు ఈ కథ శాసనమువంటిది. వారికడ నేను కావ్యములు, వ్యాకరణము పలుసంవత్సరములు చదివితిని గాని, హుంకారమునకు మించిన మెప్పును వారినుండి ఎఱుగను. ఆ హుంకారము దొరకిననాడు సంతోషమున అన్నము సహించెడిది కాదు.

అయితే ఆ కథలో మనము తఱచు మఱచు విషయమొకటి కలదు. భారవిని ఊరంతయు మెచ్చుకొనుచుండెను. తండ్రి మౌనము ఆ మెప్పునకు పగ్గము మాత్రమే. ఊరును మెచ్చని బాలుని తండ్రియు మెచ్చనిచో, వానికి మిగులునది యేమి? మా బడికి వచ్చు పిల్లలలో పెక్కుమంది ఈ రెండవ తెగవారు. ఇంట వారి చదువును చూచి చెప్పగలవారు లేరు. వీథిలో వారిని ఎవరును ఎఱుగరు. వారికి పగ్గముతో పనిలేదు, నడక రావలయును. కనుక ఈ ఒక్క విషయమున నీతివేత్తల మాటను నేను మన్నింపలేకపోతిని. మా గురువులు జీవించియున్నచో దీనికి హుంకరించెడివారో, కన్నెఱ్ఱ చేసెడివారో చెప్పజాలను.

సత్కారములు మన జాతికి క్రొత్తవి కావు. ప్రౌఢదేవరాయల ఆస్థానమున శ్రీనాథునకు కనకాభిషేకము జరిగినదని ప్రసిద్ధి. కృష్ణదేవరాయలు అల్లసాని పెద్దనకు స్వహస్తముతో గండపెండేరము తొడిగెనని చెప్పుదురు. కాని అవి విద్వాంసుల పోరులలో లభించిన ఫలములు. శ్రీనాథుని తలమీద బంగారు టంకములు కురియుటకు ముందు డిండిమభట్టు కంచుఢక్క పగిలినది. ఒకని అభిషేకమునకు మఱియొకని ఓటమి కావలసివచ్చినది. బడిపిల్లల పండుగకు ఇంతకంటె దగ్గఱి చుట్టము దసరా.

మా తాతగారు వీథిబడి అయ్యవారు. ఆ కాలపు దసరాను గుఱించి ఆయన చెప్పగా వింటిని. నవరాత్రులలో అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగెడివారు. పిల్లల చేతులలో రంగుకాగితములు చుట్టిన విల్లంబులు. నోట సంవత్సరమంతయు వల్లించిన పద్యములు. ప్రతి గుమ్మముకడ నిలిచి పద్యములు చదివినపిమ్మట, గృహస్థు అయ్యవారికి శక్తికొలది కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములును ఇచ్చెడివాడు. ఇందులో రెండు విశేషములు గమనింపుడు. గురువునకును, శిష్యులకును ఒకే గుమ్మములో, ఒకే వేళ సత్కారము జరిగినది. అమరకోశము అప్పజెప్పు పిల్లవానికిని, అక్షరములు కూడబలుకుకొను పిల్లవానికిని దోసిటిలో పడిన బెల్లము ఒక్కటే. పిమ్మట, 1843లో మచిలీపట్టణమున రాబర్టు నోబులు దొర స్థాపించినటువంటి ఇంగ్లీషు బడులు వెలసినవి. తరగతులు, పరీక్షలు, వరుస సంఖ్యలు బలపడినవి; మొదటివానికి ఒక పుస్తకము, రెండవవానికి ఒక పుస్తకము, మిగిలినవారికి చప్పట్లు కొట్టు పని యేర్పడినవి. వరుస సంఖ్యను నేను నిందింపను. బాగుగా చదివినవానిని బాగుగా చదివితివని చెప్పుట న్యాయమే. పప్పుబెల్లమునకు కూడ ఆ సాయంకాలమున చోటుండవలయునని మాత్రము నా పట్టుదల.

ఇక జాబితా మాట. సభకు వచ్చినవారు బహుమతి నిచ్చుట చూతురు, నిర్ణయించుట చూడరు. నేను పని చేసిన బడులలో ఒకటి గోదావరి లంకలకు చేరువనున్న జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాల. ఉత్సవమునకు పదునైదు దినములు ముందుగా, చివరి గంట కొట్టిన పిమ్మట, ప్రధానోపాధ్యాయులవారి గదిలో మేము పండ్రెండుగురము కూర్చుండెడివారము. బల్లమీద మార్కుల పట్టికలు, హాజరుపట్టీలు పఱచెడివారము. మార్కుల బహుమతులకు చర్చ యుండదు. కూడికలు సరిగా నున్నచో పేర్లు వానియంతట అవియే తేలును. అదియు అన్నివేళల కాదు. 2012లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పదవ తరగతికి మార్కులకు మాఱు గ్రేడులు వచ్చినవి. పదికి పది తెచ్చుకొన్నవారు ఒక్క బడిలోనే పలువురగుటచేత, ప్రథమ బహుమతి యెవరిదని తలలు పట్టుకొన్న ప్రధానోపాధ్యాయులను నేనెఱుగుదును. ఆ చిక్కు నాకేమో ముచ్చటగానే తోచినది. ఆటల బహుమతులు వ్యాయామోపాధ్యాయుని చేతిలోనివి. ఈ రెండును ఒక గంటలో ముగియును. మిగిలినవే మమ్ము దీపములు పెట్టువఱకు కూర్చుండబెట్టెడివి. వానిలో ముఖ్యమైనది పూర్తి హాజరు బహుమతి.

చూచుటకు అది చిన్నది. తెలివితో పనిలేదు, దినదినము వచ్చిన చాలునందురు. నా యెఱుకలో అన్నిటికంటె కష్టమైన బహుమతి యదియే. ఊడ్పుల కాలమున తల్లి కూలికి పోవుచు పసివానిని పెద్దపిల్లకు అప్పగించును. అమ్మవారి జాతర, మేనమామ పెండ్లి, జ్వరము, ముసురు, చినిగిన చెప్పు, ఉతికి ఆరని ఒక్కటే దుస్తు — వీనినన్నిటిని దాటి సంవత్సరము పొడవున పేరు పిలిచినప్పుడెల్ల పలికిన పిల్ల కొన్ని యేండ్లలో ఒక్కతెయు నుండదు.

2006 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినది. ఆ తీరపు శ్రోతలకు జ్ఞాపకముండును. ఆ యేడు మా ఎనిమిదవ తరగతిలో లంకనుండి వచ్చు బాలిక యొకతె యుండెను. ఆమె యిప్పుడు ఒక ఇంటి ఇల్లాలు, ఉద్యోగిని. పేరు చెప్పుట భావ్యము కాదు. తండ్రి కౌలుభూమిలో కూరగాయలు పండించెడివాడు. ఆ పిల్ల ఉదయము ఏడు గంటలకే ఇల్లు వెడలి, ఇసుకతిన్నెలమీద నడచి, రేవులో పడవయెక్కి, ఇవతలి గట్టున మరల నడచి బడికి వచ్చెడిది. హాజరుపట్టీలో ఆమె పేరునకెదురుగా గైర్హాజరు గుఱుతులు పదునొకండు కలవు. పదునొకండును వరుసగా ఆగస్టు నెలలోనివే. అదే తరగతిలో బడిప్రక్క ఇంటి బాలుడొకడు ఒక్కదినమును తప్పలేదు. నియమము ప్రకారము బహుమతి వానిది. వాడును మంచి బాలుడే. వానిని కాదనుటకు కారణము లేదు.

అప్పుడు మా సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని లేచి, పడవ కట్టివేసిననాడు ఆ పిల్ల బడి మానినదా, బడియే ఆ పిల్లకు దూరమైనదా చెప్పుడని అడిగెను. గణితోపాధ్యాయుడు అంగీకరింపలేదు. నేడు వరదకు నియమము సడలించినచో రేపు జ్వరమునకు సడలింపవలసివచ్చును, ఎల్లుండి పెండ్లికి సడలింపవలసివచ్చును; అప్పుడు పూర్తి హాజరను మాటకు అర్థమేమి యని ఆయన ప్రశ్న. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. ఆయన కఠినుడును కాడు. ఆ పిల్లకు సాయంకాలము లెక్కలు వేఱుగా చెప్పుచుండిన వాడాయనయే. చర్చ పొద్దుపోవువఱకు సాగినది. మఱునాడు ప్రధానోపాధ్యాయులవారు రేవు పాట పాడుకొన్నవానికి కబురంపి, పడవ నడచిన దినముల లెక్క తెప్పించిరి. దినవసూళ్ల పుస్తకము కావున ఒక్క దినమును విడువక వ్రాసియుండెను. రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. పడవ నడచిన పనిదినములలో ఆ బాలిక బడికి రాని దినము ఒక్కటియు లేదు. గణితోపాధ్యాయుడు తానే వ్రేలు పెట్టి రెండుమార్లు సరిచూచి, పుస్తకము మూసి, వ్రాయుడనెను.

బాలుని బహుమతి బాలునకే నిలిచినది. దాని క్రింద క్రొత్త పంక్తి యొకటి చేరినది: "పడవ నడచిన దినములన్నిట హాజరు." ఆ పంక్తి వ్రాసినది నేను. అలంకారశాస్త్రమున దానికి చోటు లేదు గాని, నేను వ్రాసిన వాక్యములలో దానిమీద నాకిప్పటికిని మక్కువ కలదు.

సభలో దానిని చదివినప్పుడు ముందువరుస కుర్చీలలో నవ్వు పుట్టినది. వెనుక ప్రహరిగోడకడ నిలుచున్న లంకవారి గుంపులో చప్పట్లు చాలసేపు ఆగలేదు. పడవ నడుపువాడు కూడ వచ్చియుండెను. మఱునాటినుండి అతడు బడిపిల్లలు రేవు దిగువఱకు పడవ కదలింపడని వింటిమి. తక్కినవారు తొందరపెట్టినచో, "ఉండండి బాబూ, మా రేవు పిల్లలకి అక్కడ లెక్క రాస్తారు" అనెడివాడట.

ఆ బాలికకు మేమిచ్చినది స్టీలు పళ్లెము. ఇందుకు నా వంటి పండితులు నొచ్చుకొందురు. బహుమానమనగా పుస్తకము, అందును మంచి కావ్యమో, 1885లో వెలువడిన శబ్దరత్నాకరము వంటి నిఘంటువో కావలయునని మా తలంపు. నేనును ఆ పక్షమువాడనే. పోట్లాడి కొన్ని బహుమతులకు పుస్తకములే ఇప్పించితిని. ఐనను పళ్లెమునకు నా మనసులో గౌరవము పెరిగినది. పాత్రల అంగడిలో కూర్చున్న కుర్రవాడు విద్యుత్కలము పట్టి, గుఱ్ఱుమను చప్పుడుతో, పళ్లెపు అంచున పిల్ల పేరును, బడి పేరును, సంవత్సరమును చెక్కును. పుస్తకము పెట్టెలో చేరును. పళ్లెము దినమునకు రెండుమార్లు వెలికివచ్చును. చుట్టములు వచ్చినప్పుడు తల్లి ఆ పళ్లెములోనే వడ్డించును. చదువురాని తల్లి ఆ చెక్కిన యక్షరములను వ్రేలితో తడవి చూచుట కన్నులార చూచినవాడను గనుక, పుస్తకమే గొప్పదని వాదించుట మానితిని. పళ్లెములో పుస్తకము పెట్టి ఇచ్చినచో ఏ పేచీయు లేదు. బడి నిధిలో సొమ్ము లేదు.

పేర్లు చదువుటను గుఱించి కొంత చెప్పవలయును. దీనిని చాలమంది పనిగా నెంచరు. ఎవడో ఒకడు కాగితము పట్టుకొని చదివివేయుట యందురు. నేటి పట్టికలు కంప్యూటరునుండి ఇంగ్లీషు లిపిలో వెలువడుచున్నవి. ఆ లిపిలో ళకారము లేదు, ణకారము లేదు, హ్రస్వదీర్ఘముల భేదము తెలియదు. వెంకటరమణ వెంకటరామన యగును, కళావతి కలవతి యగును. ఇంటిపేర్ల దుర్గతి చెప్పనలవి కాదు. అవి ఒక్క పొడి అక్షరముగా కుదించుకొనిపోయి చుక్క పెట్టుకొని కూర్చుండును. నేను సభకు రెండు దినములు ముందుగా బహుమతి పొందబోవు పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి, ఇంటిపేరుతో గూడ తమ పేరు తామే పలుకుమని, విన్నది విన్నట్లు తెలుగులో వ్రాసికొనెడివాడను. వేదముననే గాదు, స్వరము తప్పినచో పేరులోను అర్థము చెడును. ఒక యేడు సభ ముగిసిన పిమ్మట తాపీపని చేయు ఒక తండ్రి నాకడకు వచ్చి చేతులు జోడించి, "మా ఇంటిపేరు మైకులో వినడం ఇదే మొదటిసారండి మాస్టారూ" అనెను. ఆయన కుమార్తెకు వచ్చినది వ్యాసరచనలో మూడవ బహుమతి. ఆయన బహుమతిని గుఱించి మాటయైన ఎత్తలేదు.

ముఖ్య అతిథుల ఉపన్యాసములను గుఱించి నాలుగు మాటలు అనవలయునని యుండెను గాని, నేనును ఇప్పుడు ఉపన్యసించుచున్నవాడనే. పిల్లలు నాలుగు గంటలకే వచ్చి చాపలమీద కూర్చుందురు, వారికి ఆకలి వేయును అను సంగతి మాత్రము అతిథులకు ముందుగా తెలియజేయుట మేలు.

ఉపాధ్యాయుల సత్కారమునకు వత్తును. 1958లో కేంద్రప్రభుత్వము ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారముల నేర్పఱచినది. 1962 మొదలు సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని జన్మదినమైన సెప్టెంబరు 5వ తేది ఉపాధ్యాయ దినోత్సవముగా జరుగుచున్నది. 2018 నుండి జాతీయ పురస్కారమునకు ఉపాధ్యాయుడు తన పేరును తానే పంపుకొను పద్ధతి వచ్చినది. దీనికి కారణము లేకపోలేదు. పైయధికారుల దయాదాక్షిణ్యములు లేనివాడును ముందునకు రాగలడు. ఐనను తన గొప్పను తానే పుటలుపుటలుగా వ్రాసి, ఛాయాచిత్రములు జతపఱచి పంపుట నా తరమువారికి మ్రింగుడుపడని విషయము.

ఈ సందర్భమున నాకు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వత్తురు. ఆయన వాదమునకు నేను విధేయుడను కాను. నా ఈ భాషను వినుచున్న మీకు ఆ సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. గ్రాంథికమును గద్దెదింపిన మహానుభావుని ఒక గ్రాంథికవాది పొగడుట చూచి ఆయన నవ్వియుండెడివారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన ఆయన, చుట్టుప్రక్కల కొండలలోని సవరల భాషను పట్టుదలతో నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సొంత వ్యయముతో వారికి బడులు పెట్టించెను. మద్రాసు ప్రభుత్వమువారు ఆ పుస్తకములకు పారితోషికము ఇయ్యబోగా, తనకు సొమ్ము వద్దనియు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడనియు కోరెను. బహుమానమును కాదనుటలో గర్వము కూడ ఉండవచ్చును. ఇక్కడ గర్వము లేదు. వచ్చిన బహుమానమును పిల్లల వైపునకు మరలించిన నేర్పు కలదు.

అందఱును గిడుగువారు కాలేరు. శాలువ వచ్చినచో కప్పుకొనుడు, తప్పులేదు. ఎవరికి వచ్చుచున్నదో చూడుడు. పదవ తరగతి ఫలితములు బాగుండినచో పదవ తరగతికి చెప్పినవారికి శాలువలు కప్పుదురు. ఆ పిల్లలకు ఓనమాలు దిద్దించినవారు ప్రేక్షకులలో కూడ ఉండరు. మా బడిలో ఒక ప్రధానోపాధ్యాయులవారి కాలమున మంచి ఆచారమొకటి నడచినది. పదవ తరగతిలో ప్రథమురాలైన బాలికను సత్కరించునాడు, ఆ బాలిక ఒకటవ తరగతి చదివిన ప్రాథమిక పాఠశాలనుండి నాటి పంతులమ్మగారిని పిలిపించెడివారు. మొదటియేడు వచ్చినావిడ అప్పటికే ఉద్యోగము విరమించిన వృద్ధురాలు. పక్కింటివారు చేయిపట్టి తీసికొనివచ్చిరి. శాలువ కప్పిరి. మాటలాడుమనగా మాటలాడనన్నది. తన పూర్వపు శిష్యురాలు వ్రాసిన స్వాగతపత్రము గోడకు అంటించియుండగా దానిని దగ్గఱగా చదివి, "ఇప్పటికీ ఝ తప్పే రాస్తోంది" అని మాత్రము అనెను. పిల్ల సిగ్గుపడి నవ్వెను. ఆ రాత్రి సభలో దానికి మించిన ప్రసంగము లేదు.

సేవకులను పని ముగిసిన పిమ్మట పొగడవలయునని నీతివేత్తలన్నారంటిని. మన బడులలో ఆ నీతి తు.చ. తప్పక జరుగును. గంట కొట్టువాడు ఉద్యోగము విరమించునాడు గాని అతనికి పేరున్నదని తెలియదు. మా బడిలో ఇరువదియెనిమిది సంవత్సరములు గంట కొట్టిన వ్యక్తికి సత్కారము తలపెట్టిన సాయంకాలము, ధ్వనివర్ధకములో అతని పేరు మూడుమార్లు పిలిచినను రాలేదు. కరెంటు పోయి జనరేటరు మొరాయించుచుండగా, అతడు వేదిక వెనుక చీకటిలో దానితో పెనుగులాడుచుండెను. తుదకు అతిథిగారే దిగి, శాలువ పట్టుకొని వెనుకకు పోయిరి. కిరసనాయిలు చేతులతో శాలువ ముట్టుకొనుటకు అతడు ఒప్పుకొనలేదు. మెడమీద వేయించుకొని, దీపములు వెలిగినపిమ్మటనే ముందునకు వచ్చెను. ఆ గౌరవమును పదియేండ్ల క్రిందటనే చేసినచో నీతిశాస్త్రమునకు ఏమి లోటు?

వంటవారి మాటయు అట్టిదే. పొగలో నిలిచి పిల్లలందఱికి అన్నము వండిపెట్టు ఆ స్త్రీలు ఉత్సవమునాడు అతిథుల ఫలహారముల పనిలోనే యుందురు. లంకల గన్నవరమున అడిగినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారికి 1903లో ఢిల్లీ దర్బారు సందర్భమున ప్రభుత్వము ప్రశంసాపత్రమిచ్చినది. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆ తల్లి పేరు పెట్టినది. పేరు పెట్టినది చాల మంచిది. ఆ పథకములో గరిటె పట్టినవారి పేర్లుకూడ బహుమానముల జాబితాలో ఎక్కినచో ఆ పేరు సార్థకమగును.

ఇక బహుమతి రానివారు. సభ ముగిసి, చాపలు చుట్టువేళ, రిక్తహస్తములతో ఇంటికి పోవు పిల్లలను మీరు చూచియుందురు. ఇంట తల్లి అడుగును, "నీకేం ఇచ్చారే?" అని. దానికి ఆ పిల్ల ఏమి చెప్పును? అందఱికి బహుమతులిచ్చినచో బహుమతికి విలువ లేదనుట నిజమే. పిల్లలు మనకంటె ముందుగా ఆ మోసమును కనిపెట్టుదురు. పప్పుబెల్లము మోసము కాదు. నీకు మొదటిస్థానము వచ్చినదని అది చెప్పదు. నీవు ఈ బడివాడవని చెప్పును.

కావున ఉద్యోగపు చివరి తొమ్మిది సంవత్సరములు నేను ఒక పని చేయించితిని. బహుమతులన్నియు ముగిసినపిమ్మట, ఆ యేడు బడి విడిచిపోవు పదవ తరగతి విద్యార్థుల పేర్లన్నియు, మార్కులతో పనిలేక, అక్షరక్రమమున, ఇంటిపేర్లతో చదివెడివాడను. పేరు పిలిచినవారు లేచి నిలుచుందురు. పరీక్ష తప్పుదురని మేము బెంగపడుచున్నవారును అందులో నుందురు. సెలవుల నడుమ చేపల చెఱువుల పనికి పోయి, పిలిపించగా తిరిగివచ్చినవారును నుందురు. సభికులకు విసుగని కొందఱు ఉపాధ్యాయులు అభ్యంతరము చెప్పిరి. గడియారము పెట్టి చూచితిమి. తొంబది పేర్లకు పదునొకండు నిమిషములు పట్టినది. ఆ సాయంకాలమున ముఖ్య అతిథిగారి ఉపన్యాసము నలువదియైదు నిమిషములు.

బడి విడిచినను ఆ పని నన్ను విడువలేదు. రాబోవు మాసమున జరుగు ఉత్సవమునకు పేర్లు చదువుటకు రమ్మని కబురంపిరి. జాబితా నిన్ననే వచ్చినది. యథాప్రకారము ఇంగ్లీషు లిపిలోనే. ఎనుబదియాఱు పేర్లు. అందులో నాలుగింటి ఉచ్చారణము నాకు తెలియలేదు. ఎల్లుండి ఉదయము ప్రార్థనవేళకు బడికి పోయి ఆ నలుగురు పిల్లలను అడిగి వ్రాసికొనవలయును.